కుక్కల్లో థైరాయిడ్ సమస్యలు: సమగ్ర చికిత్సా విధానాలు

కుక్కల్లో థైరాయిడ్ సమస్య అంటే చాలావరకు ఆ గ్రంథి చాలినంత హార్మోన్ తయారు చేయలేకపోవడమే. దీన్ని హైపోథైరాయిడిజం అంటారు. నడివయసు కుక్కల్లో తరచుగా కనబడే హార్మోన్ జబ్బుల్లో ఇది ఒకటి. పిల్లుల్లో పరిస్థితి తారుమారు. వాటిలో హార్మోన్ ఎక్కువవడమే మామూలు, తక్కువవడం అరుదు. కుక్కల జబ్బుకు ప్రామాణిక చికిత్స లీవోథైరాక్సిన్ మాత్ర. ఆహార మార్పులు, పోషక పదార్థాలు, మూలికలు, ఆక్యుపంక్చర్, హోమియోపతి వంటి పద్ధతులను విడిగా గానీ మాత్రతో కలిపి గానీ వాడడాన్ని సమగ్ర వైద్యం అంటున్నారు. వీటిలో కొన్నిటికి శాస్త్రీయ ఆధారం ఉంది, కొన్నిటికి లేదు, కొన్ని నేరుగా హాని చేస్తాయి.

గ్రంథి, దాని పని

కుక్కకు థైరాయిడ్ గొంతు కింద, శ్వాసనాళానికి చెరో పక్కన ఒక్కో తమ్మెగా ఉంటుంది. మనుషుల్లో మాదిరి ఈ రెంటినీ కలిపే వంతెన చాలా కుక్కల్లో ఉండదు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి చేతికి తగలదు. గ్రంథి ప్రధానంగా థైరాక్సిన్‌ను (టీ4) విడుదల చేస్తుంది. శరీర కణజాలాలు దాన్ని మరింత చురుకైన టీ3గా మార్చుకుంటాయి. రెండు హార్మోన్లకూ అయోడిన్ ముఖ్యమైన ముడిసరుకు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ను పని చేయిస్తుంది. రక్తంలో టీ4 తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, టీ4 పెరిగితే తగ్గుతుంది. శరీరం ఎంత వేగంగా శక్తిని ఖర్చు చేయాలో ఈ హార్మోన్లే నిర్ణయిస్తాయి. అందుకే అవి తగ్గినప్పుడు ఒంట్లో ఏ ఒక్క అవయవమో కాక గుండె, చర్మం, నరాలు, పునరుత్పత్తి అన్నీ మందగిస్తాయి.

ఈ గ్రంథి గురించిన జ్ఞానంలో కొంత కుక్కల మీది ప్రయోగాల నుంచే వచ్చింది. థైరాయిడ్ తీసేస్తే కుక్కలు చనిపోతాయనీ, ముందుగా మరో కుక్క గ్రంథిని పొట్టలో అమర్చితే బతుకుతాయనీ మోరిట్జ్ షిఫ్ 1884లో చూపించాడు. 1891లో ఇంగ్లండ్ వైద్యుడు జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని హైపోథైరాయిడిజం ఉన్న ఒక రోగికి సూదిమందుగా ఇచ్చి కోలుకునేలా చేశాడు. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను శుద్ధ రూపంలో వేరు చేశాడు. 1927లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు.

కారణాలు

హైపోథైరాయిడిజం వచ్చిన కుక్కల్లో 95 శాతానికి పైగా లోపం థైరాయిడ్ గ్రంథిలోనే ఉంటుంది. వీటిలో దాదాపు సగం కేసుల్లో శరీరపు రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసి కణాలను నాశనం చేస్తుంది. మిగతా సగంలో గ్రంథి కణజాలం కుంచించుకుపోయి దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. ఇది కూడా పాత దాడి చివరి దశ కావచ్చని కొందరు భావిస్తారు. గ్రంథిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా పైకి ఏ లక్షణమూ కనబడదు. అప్పటికి మిగిలిన భాగం కోలుకుని మళ్లీ పెరగదు. సమగ్ర వైద్యం ఏం చేయగలదు, ఏం చేయలేదు అనే ప్రశ్నకు చాలావరకు జవాబు ఈ విషయంలోనే ఉంది.

వంశపారంపర్యం బలమైన కారణం. గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మన్, బీగిల్, బాక్సర్, కాకర్ స్పానియల్, ఇంగ్లిష్ సెట్టర్ వంటి జాతుల్లో జబ్బు ఎక్కువ. సాధారణంగా నాలుగేళ్లు దాటాకే బయటపడుతుంది. పుట్టుకతో వచ్చే రకం అరుదు; టాయ్ ఫాక్స్ టెర్రియర్ జాతిలో ఒక జన్యుదోషం వల్ల పిల్లలు గలగండంతో (థైరాయిడ్ వాపుతో), ఎదుగుదల లేకుండా పుడతాయి. అయోడిన్ లోపం వల్ల వచ్చే జబ్బు, తయారీ ఆహారం తినే కుక్కల్లో దాదాపు కనబడదు.

లక్షణాలు

జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. కుక్కకు వయసు మీద పడుతోందని ఇంట్లోవాళ్లు అనుకునే మార్పులే మొదట వస్తాయి: ఎక్కువసేపు పడుకోవడం, పిలిస్తే ఆలస్యంగా లేవడం, తిండి పెరగకపోయినా ఒళ్లు రావడం, చలికి తట్టుకోలేకపోవడం. తర్వాత చర్మం మీద తెలుస్తుంది. ఒంటికి రెండు పక్కలా ఒకే తీరుగా బొచ్చు ఊడుతుంది. పట్టీ రాపిడి తగిలే మెడ దగ్గర, పక్కల మీద, తోక మీద ముందుగా పలచబడుతుంది. తోక బోసిపోయి ఎలుక తోకలా తయారవుతుంది. కత్తిరించిన చోట బొచ్చు తిరిగి మొలవదు. చర్మం నల్లబడి, మందమై, చుండ్రు పొట్టు రాలుతుంది. ముఖం చర్మం ఉబ్బి కిందికి వాలడంతో కుక్క దిగులుగా ఉన్నట్టు కనబడుతుంది.

థైరాయిడ్ వల్ల ఊడే బొచ్చుతో దురద రాదు. దురద ఉందంటే చర్మానికి లేదా చెవికి ఇన్ఫెక్షన్ తోడైందనో, అసలు కారణం అలర్జీ, గోమార్లు వంటిది మరొకటి ఉందనో అర్థం. గుండె వేగం తగ్గడం, ముఖ నరాల పక్షవాతం, తల ఒక పక్కకు వాలడం, ఆడకుక్కలు సరిగా ఎదకు రాకపోవడం కొన్నిటిలో కనిపిస్తాయి. రక్తపరీక్షలో దాదాపు నాలుగింట మూడు వంతుల కుక్కలకు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటుంది. కొన్నిటికి కొద్దిపాటి రక్తహీనత ఉంటుంది.

నిర్ధారణ

కుక్కల థైరాయిడ్ విషయంలో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మొత్తం టీ4 మామూలు స్థాయిలో ఉంటే జబ్బు లేదని దాదాపుగా చెప్పవచ్చు. తక్కువగా ఉన్నంత మాత్రాన జబ్బు ఉందని చెప్పలేం. మధుమేహం, కుషింగ్ జబ్బు, తీవ్రమైన ఇన్ఫెక్షన్, కాలేయ వ్యాధి, ఇలా ఏ పెద్ద జబ్బు వచ్చినా థైరాయిడ్ బాగానే ఉండి టీ4 పడిపోతుంది. స్టెరాయిడ్లు, మూర్ఛకు ఇచ్చే ఫినోబార్బిటాల్, సల్ఫా మందులు కూడా టీ4ను తగ్గిస్తాయి. అందుకే టీ4తో పాటు స్వేచ్ఛా టీ4 (రక్తంలో ప్రొటీన్లకు అంటుకోకుండా ఉన్న భాగం), టీఎస్‌హెచ్ చూస్తారు. టీ4 తగ్గి టీఎస్‌హెచ్ పెరిగి లక్షణాలు కూడా ఉంటే నిర్ధారణ గట్టిది. అయితే జబ్బున్న కుక్కల్లో 20 నుంచి 40 శాతం వాటికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. గ్రంథి మీద రోగనిరోధక దాడి జరుగుతోందో లేదో థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీ పరీక్ష చెబుతుంది. గ్రంథి ఎంత పని చేస్తోందో అది చెప్పదు.

పరీక్ష ఎక్కడ చేయిస్తున్నారన్నదీ ముఖ్యమే. టీ4 అణువు మనిషిలోనూ కుక్కలోనూ ఒకటే గానీ, కుక్క రక్తంలో దాని స్థాయి తక్కువ. మనుషుల కోసం కుదిర్చిన పరీక్షలు ఆ తక్కువ స్థాయిని సరిగా కొలవకపోవచ్చు. టీఎస్‌హెచ్ అలా కాదు, జంతువును బట్టి మారే ప్రొటీన్. మనుషుల టీఎస్‌హెచ్ కిట్‌తో కుక్క నమూనా పరీక్షిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. కుక్కల కోసం ప్రత్యేకంగా చేసిన కిట్ వాడే ల్యాబ్‌లోనే ఈ పరీక్ష చేయించాలి. జాతి తేడా కూడా లెక్కలోకి వస్తుంది. గ్రేహౌండ్, సలూకీ వంటి వేట కుక్కల్లో ఆరోగ్యంగా ఉన్నప్పుడే టీ4 మిగతా జాతుల కన్నా తక్కువ. ముధోల్ కూడా ఈ రకం వేట కుక్కే కాబట్టి దాని టీ4 అంకె ఒక్కదాన్నే చూసి జబ్బుందని తేల్చడం మంచిది కాదు.

ప్రామాణిక చికిత్స

లీవోథైరాక్సిన్ ప్రయోగశాలలో తయారైన టీ4. సాధారణంగా కిలో బరువుకు 20 మైక్రోగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లతో మొదలుపెడతారు. ముప్పై కిలోల లాబ్రడార్‌కు ఇది పూటకు 600 మైక్రోగ్రాములు. థైరాయిడ్ పూర్తిగా పోయిన మనిషికే రోజుకు కిలోకు 1.6 మైక్రోగ్రాములు సరిపోతాయి కాబట్టి, మనుషుల మాత్రలు అమ్మే మందుల దుకాణంలో ఈ చీటీ చూసి తప్పు పడిందనుకోవడం సహజం. కుక్క పేగులు ఈ మందును తక్కువగా పీల్చుకుంటాయి, శరీరం త్వరగా ఖర్చు చేసేస్తుంది. మనిషి రక్తంలో దీని పరిమాణం సగానికి తగ్గడానికి వారం పడితే, కుక్కలో సగం రోజు చాలు. అందుకే మనుషుల మోతాదును కుక్కకు, కుక్క మోతాదును మనుషులకు ఎప్పుడూ వర్తింపజేయకూడదు.

పరగడుపున ఇస్తే మందు బాగా ఒంటబడుతుంది. అన్నంతో ఇచ్చినా ఫరవాలేదు, కానీ రోజూ ఒకే తీరుగా ఇవ్వాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత, మాత్ర వేసిన నాలుగు నుంచి ఆరు గంటలకు రక్తం తీసి మోతాదు సరిచూస్తారు. చురుకుదనం ఒకటి రెండు వారాల్లోనే తిరిగి వస్తుంది. బొచ్చు పూర్తిగా మొలవడానికి నెలలు పడుతుంది. కొన్నిటికి ముందు పాత బొచ్చు ఎక్కువగా రాలి, ఆ తర్వాత కొత్తది వస్తుంది. చికిత్స జీవితాంతం ఉంటుంది. చక్కగా మోతాదు కుదిరిన కుక్క ఆయుర్దాయం మామూలు కుక్కదే.

సమగ్ర వైద్యం నేపథ్యం

పశువైద్యంలో సమగ్ర దృష్టి ఒక ఉద్యమంగా బలపడింది అమెరికాలో. అంతర్జాతీయ పశువైద్య ఆక్యుపంక్చర్ సంఘం 1974లో, అమెరికన్ హోలిస్టిక్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 1982లో ఏర్పడ్డాయి. కుక్కల థైరాయిడ్ విషయంలో ఈ ధోరణికి ఎక్కువ గుర్తింపు తెచ్చినవారు అమెరికా పశువైద్యురాలు జీన్ డాడ్స్. జబ్బు ముదరక ముందే గుర్తించాలనీ, జాతిని, వయసును బట్టి వేర్వేరు ప్రమాణాలు వాడాలనీ, ఆహారాన్నీ టీకాలనూ కూడా కలిపి చూడాలనీ ఆమె వాదించారు. 2011లో వచ్చిన ఆమె పుస్తకం ఈ ఆలోచనలను పెంపకందారులకు చేర్చింది. జాతికి తగిన ప్రమాణాలు ఉండాలన్న మాటను వేట కుక్కల పరిశోధన బలపరిచింది. ఆమె చెప్పిన మిగతా విషయాల్లో కొన్ని పరీక్షకు నిలవలేదు.

ఆహారం, అయోడిన్

అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006 సిఫార్సు ప్రకారం పెద్ద కుక్కలకు ప్రతి 1000 కిలోకేలరీల ఆహారానికి 220 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. ముప్పై కిలోల కుక్కకు ఇది రోజుకు 300 నుంచి 400 మైక్రోగ్రాముల వరకు వస్తుంది. ప్రమాణాల ప్రకారం తయారైన ప్యాకెట్ ఆహారంలో ఇది సరిపడా ఉంటుంది. ఇంటి వంట తినే కుక్క సంగతి వేరు. తెలుగు ఇళ్లలో కుక్కకు అన్నం, ఉడికించిన కోడిమాంసం, పెరుగు కలిపి పెట్టడం మామూలు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు విషం కాబట్టి వాటిని మానడం సరైనదే. వాటితో పాటు ఉప్పు కూడా మానేస్తారు. దానితో అయోడిన్ ఉప్పు నుంచి రావలసిన భాగం పోతుంది. మన దేశంలో వాడకపు ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. అంటే కుక్క అవసరమంతా ఉప్పుతో తీర్చాలంటే 20 గ్రాములకు పైగా పెట్టాలి, అది అసలు పెట్టకూడని మోతాదు. పూర్తిగా ఇంటి వంటే పెట్టేవాళ్లు పశు పోషణ నిపుణుల సలహాతో ఖనిజ మిశ్రమం కలపడమే సరైన దారి.

సముద్రపు నాచు పొడిని థైరాయిడ్ ఔషధంగా సమగ్ర వైద్యులు తరచూ సూచిస్తారు. ఇందులో చిక్కు పరిమాణానిది. ఎండు నాచులో రకాన్ని బట్టి గ్రాముకు 16 మైక్రోగ్రాముల నుంచి 8,000కు పైగా అయోడిన్ ఉంటుందని కొలతల్లో తేలింది. అయోడిన్ మితిమీరితే థైరాయిడ్ హార్మోన్ తయారీ ఆగిపోతుంది. అయోడిన్ ఎక్కువగా ఉన్న ఆహారం తిన్న కుక్కపిల్లల్లో హైపోథైరాయిడిజం వచ్చిన దాఖలా ఉంది. రోగనిరోధక దాడి వల్ల జబ్బు వచ్చిన కుక్కకు అయోడిన్ లోపం ఉండదు కాబట్టి, నాచు పొడి దానికి సాయపడదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాల వర్గపు కూరల్లో అయోడిన్ వాడకాన్ని అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. ఉడికిస్తే చాలావరకు వాటి ప్రభావం తగ్గుతుంది, ఎప్పుడో కాస్త పెట్టినందువల్ల ముప్పు లేదు. సజ్జల్లోని ఇలాంటి పదార్థాలు మాత్రం వండినా పోవు. రోజూ సజ్జ సంకటే ప్రధాన ఆహారంగా పెట్టకపోవడం మేలు. సోయా అయితే లీవోథైరాక్సిన్ మాత్ర ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది.

సెలీనియం, ఇతర పోషకాలు

టీ4ను టీ3గా మార్చే ఎంజైములకు సెలీనియం అవసరం. లోపం ఉంటే సరిచేయాలి. చాలినంత ఉన్న కుక్కకు అదనంగా ఇస్తే ఫలితం ఉన్నట్టు రుజువు లేదు. పైగా అవసరానికీ విషానికీ మధ్య దూరం సెలీనియంలో తక్కువ. జింకు, టైరోసిన్ పొడులను అదనంగా ఇచ్చినా ఫలితం ఉన్నట్టు రుజువు లేదు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు థైరాయిడ్‌ను బాగు చేయవు, కానీ చర్మపు మంటను తగ్గిస్తాయి. జబ్బు వల్ల దెబ్బతిన్న చర్మం కోలుకునే కాలంలో వీటి వాడకానికి అర్థం ఉంది.

ఎండబెట్టిన గ్రంథి, గ్రంథి పొడులు

పంది థైరాయిడ్‌ను ఎండబెట్టి పొడి చేసిన మందు ‘సహజ’ హార్మోన్ పేరుతో అమ్ముడవుతుంది. లీవోథైరాక్సిన్ వాడుకలోకి వచ్చేదాకా ఇలాంటి ఎండు గ్రంథి పొడులే ప్రధాన చికిత్స. ఇందులో టీ4, టీ3 రెండూ ఉంటాయి, అయితే వాటి నిష్పత్తి కుక్కకు కావలసినట్టు ఉండదు. టీ3 ఎక్కువై గుండె వేగం పెరగవచ్చు, రక్తపరీక్షల అంకెలను చదవడమూ కష్టం. అందుకే కుక్కల్లో దీన్ని ప్రామాణిక గ్రంథాలు సిఫార్సు చేయవు. హార్మోన్ తీసేశామని చెప్పి అమ్మే గ్రంథి పొడులు మరో రకం. వాటిలో హార్మోన్ నిజంగానే లేకపోతే చికిత్సగా పనికిరావు, మిగిలి ఉంటే ఎంతుందో తెలియని మోతాదు అవుతుంది.

మూలికలు

ఆయుర్వేదంలో గలగండానికి వాడుకలో ఉన్న కాంచనార గుగ్గులులో దేవకాంచనం బెరడు, గుగ్గులు ప్రధాన ద్రవ్యాలు. గుగ్గులు ఎలుకల్లో థైరాయిడ్‌ను ప్రేరేపించినట్టు ప్రయోగాలు ఉన్నాయి. అశ్వగంధ, అంటే పెన్నేరు, చిట్టెలుకల్లో టీ4ను పెంచింది. మనుషుల్లో లక్షణాలు లేని తొలి దశ హైపోథైరాయిడిజం మీద చేసిన ఒక చిన్న పరీక్షలోనూ హార్మోన్ స్థాయి పెరిగింది; మరోపక్క అశ్వగంధ వాడినవారిలో హార్మోన్ మితిమీరిన సంఘటనలు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. కుక్కల్లో వచ్చే జబ్బుకు ఈ ఫలితాలను అలాగే వర్తింపజేయలేం. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిని కొరడా ఝళిపించి పరుగెత్తించడం ఒకటి, నాశనమైన గ్రంథి చేత పని చేయించడం మరొకటి. లీవోథైరాక్సిన్ తీసుకుంటున్న కుక్కకు అశ్వగంధ కూడా ఇస్తే మోతాదు అంచనా తప్పుతుంది. లోహ భస్మాలు కలిసిన రసౌషధాలు కుక్కలకు అసలే మంచివి కావు.

ఆక్యుపంక్చర్, హోమియోపతి

చైనా సంప్రదాయ పశువైద్యం హైపోథైరాయిడిజాన్ని ఒంట్లోని వేడి శక్తి, జీర్ణ శక్తి తగ్గిన స్థితిగా చూసి, సూదులతో పాటు మూలికలు, శరీరాన్ని వెచ్చబరిచే ఆహారం సూచిస్తుంది. కీళ్ల నొప్పుల విషయంలో ఆక్యుపంక్చర్‌కు కొంత ఆధారం ఉంది. థైరాయిడ్ కుక్కలు బరువెక్కి కీళ్లు నొప్పి పెట్టడం కద్దు కాబట్టి ఆ మేరకు ఉపశమనం దొరకవచ్చు. సూదులతో రక్తంలో హార్మోన్ తిరిగి వచ్చిందనడానికి రుజువు లేదు. హోమియోపతిలో థైరాయిడినం, కల్కేరియా కార్బ్ వంటివి ఇస్తారు. 30సీ వంటి పలచన స్థాయిలో మూల ద్రవ్యం అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం లేదు. మాత్రలో విషం లేకపోవచ్చు గానీ, దాన్ని నమ్మి అసలు చికిత్స ఆపితే జబ్బు ముదురుతుంది.

టీకాలు, ప్రవర్తన

ఏటా వేసే టీకాల వల్లే రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ మీద తిరగబడుతోందన్న వాదన సమగ్ర వైద్యంలో బలంగా వినిపిస్తుంది. టీకాల తర్వాత కుక్కల్లో థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీలు కొంత పెరగడం నిజమే. అయితే పదేపదే టీకాలు వేసిన బీగిల్ కుక్కల గ్రంథులను 2006 అధ్యయనంలో పరిశీలిస్తే, టీకాలకూ గ్రంథి వాపుకూ సంబంధం కనబడలేదు. రేబిస్ ఇంకా మనుషుల ప్రాణాలు తీస్తున్న దేశంలో థైరాయిడ్ భయంతో ఆ టీకా మానడానికి ఆధారం లేదు.

యజమానుల మీదికే ఎగబడే కుక్కల్లో థైరాయిడ్ లోపం ఉంటుందనీ, హార్మోన్ ఇస్తే శాంతిస్తాయనీ మరో వాదన. హార్మోన్ మామూలు స్థాయి దిగువ అంచున ఉండి కోపిష్టిగా ఉన్న కుక్కలకు సగానికి అసలు మందు, సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చేసిన పరీక్ష 2013లో వెలువడింది. రెండు గుంపుల్లోనూ కోపం తగ్గింది, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

చర్మం, బరువు, వ్యాయామం

సమగ్ర దృష్టి నిజంగా ఉపయోగపడేది ఇక్కడ. హార్మోన్ మాత్ర ఒక్కటే చర్మాన్ని రాత్రికి రాత్రి బాగుచేయదు. తోడైన బాక్టీరియా, ఈస్ట్ ఇన్ఫెక్షన్లకు క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూతో స్నానం చేయించాలి. నురుగు ఒంటి మీద పది నిమిషాలు ఉంచి కడగాలి. వెంటనే కడిగేస్తే మందు పని చేయదు. చెవులు శుభ్రం చేయాలి. బరువు కోసం తిండిని కొలిచి పెట్టాలి. అన్నం తగ్గించి, మాంసకృత్తులు నిలబెట్టి, సొరకాయ, బీన్స్ వంటి ఉడికించిన కూరలు కలపవచ్చు. మాత్ర పని మొదలయ్యాక నడకను కొద్దికొద్దిగా పెంచాలి. నీరసంగా ఉన్న కుక్కను మొదటి రోజే పరుగెత్తించడం గుండెకు మంచిది కాదు. శీతాకాలంలో బొచ్చు పోయిన కుక్కకు వెచ్చని పడక కావాలి. వంశపారంపర్యం ఉన్న జబ్బు కాబట్టి, యాంటీబాడీలు ఉన్నట్టు తేలిన కుక్కలను సంతానానికి వాడకపోవడం జాతి మొత్తానికి మేలు చేసే నివారణ.

హార్మోన్ ఎక్కువైన కుక్కలు

ఇది అరుదు. కారణం సాధారణంగా థైరాయిడ్ గడ్డ. కుక్కల్లో పైకి తెలిసే థైరాయిడ్ గడ్డల్లో దాదాపు 90 శాతం క్యాన్సర్లే. మెడ కింద గట్టిగా ఏదైనా తగిలితే మూలికలతో కాలయాపన చేయకుండా శస్త్రచికిత్సకు వీలుందేమో చూడాలి. రెండో కారణం ఆహారమే. పశువుల గొంతు భాగాన్ని పచ్చిగా పెట్టినప్పుడు అందులో అంటుకుని ఉన్న థైరాయిడ్ గ్రంథి కూడా కుక్క తింటుంది. థైరాయిడ్ కణజాలం కలిసిన కుక్క ఆహారాల మీద అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది. దాహం, మూత్రం పెరగడం, బరువు తగ్గడం, ఊరికే వగర్చడం లక్షణాలు. ఆ ఆహారం ఆపితే కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. పచ్చిమాంసం పెట్టేవాళ్లు గొంతు ముక్కలు మానాలి.

కలిపి వాడేటప్పుడు

లీవోథైరాక్సిన్‌తో పాటు ఇతర పద్ధతులు వాడదలిస్తే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కాల్షియం, ఇనుము ఉన్న పొడులు మాత్రకు నాలుగు గంటల తేడాతో ఇవ్వాలి. ఒకేసారి రెండు కొత్త పదార్థాలు మొదలుపెడితే ఏది పని చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. ఇస్తున్న ప్రతి పొడి, ప్రతి మూలిక పేరు పశువైద్యుడికి చెప్పాలి. కుక్క అతిగా వగరుస్తూ, నీళ్లు ఎక్కువగా తాగుతూ, నిలకడ లేకుండా తిరుగుతుంటే మోతాదు మించిందేమో రక్తపరీక్ష చేయించాలి. నిర్ధారణ సరైనదేనా అన్న అనుమానం ఉంటే వైద్యుడి పర్యవేక్షణలో మాత్ర ఆపి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్షించవచ్చు. అంతకన్నా ముందు చేస్తే, మాత్ర వల్ల నిద్రాణంగా ఉన్న సొంత గ్రంథి ఇంకా మేలుకోక ఫలితం తప్పుగా వస్తుంది. నిర్ధారణ గట్టిగా జరిగిన కుక్కకు ఆహారం, చర్మ సంరక్షణ, బరువు, వ్యాయామం మాత్ర పక్కన నిలబడే సహాయాలు. వాటిలో ఏదీ మాత్ర స్థానాన్ని తీసుకోలేదు.